వెనక పేరు లేని ఫోటోలు

పాత రేకు పెట్టె తెరవగానే ఎవరైనా చేసే మొదటి పని ఫోటోలన్నీ మంచం మీద గుమ్మరించడం. సగం సమాచారం పోయేది అక్కడే. పేరు తెలియని ఫోటోకి మొదటి సాక్ష్యం దాని పక్కనున్న ఫోటో. అది ఏ కవర్లో ఉంది, ఏ దారంతో కట్టిన కట్టలో ఉంది, ఆ కట్టలో మూడోదా పదోదా అన్నది ఒకసారి చెదిరిపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు.

నేను పట్టుకున్నది మా బంధువుల ఇంట్లో అటక మీది పెట్టె. అందులో 186 ఫోటోలు, 11 నెగిటివ్‌లు ఉన్నాయి. వెనక పేరు రాసి ఉన్నవి 38. మిగతా 148లో ఒకటి నన్ను నాలుగు నెలలు వదల్లేదు. పదేళ్లో పన్నెండేళ్లో ఉన్న అమ్మాయి, పూలజడ, పట్టు పరికిణీ, బుట్టచేతుల జాకెట్టు. జడ కనబడాలని వెనక నిలువుటద్దం పెట్టి తీశారు. ముందు నుంచి అమ్మాయి మన వైపు చూస్తోంది, అద్దంలో జడ చివరి జడగంటల దాకా కనిపిస్తోంది. ఆ జడ కుట్టడానికి ఒక పూట పట్టి ఉంటుంది, తీయడానికి క్షణం. వెనక ఒక్క అక్షరం లేదు. అంత ముచ్చటపడి తీయించినవాళ్లు పేరు రాయకపోవడానికి కారణం ఒకటే: ఆ పేరు మర్చిపోయే రోజు వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ముందుగా పెట్టెని ఉన్నదున్నట్టు పైనుంచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీశాను. ఒక్కో పొర తీసిన కొద్దీ మళ్లీ తీశాను. ప్రతి ఫోటోనీ ఒక తెల్లకాగితం కవర్లో పెట్టి, నంబరు కవరు మీద వేశాను: పెట్టె, కట్ట, కట్టలో వరస. పూలజడ అమ్మాయి 1-3-07. ఈ దశలో ఫోటో మీద ఏమీ రాయకూడదు. పెట్టె అడుగున పరిచిన ఆంధ్రపత్రిక కాగితాన్ని కూడా పారేయలేదు. దాని తేదీ ఫోటోల తేదీ కాదు, పెట్టె సర్దిన తేదీ. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు.

సామాను పెద్దగా అక్కర్లేదు. నగల పనివాళ్లు వాడే పదింతల భూతద్దం, మామూలు టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, మిల్లీమీటర్ల స్టీలు స్కేలు, 2బి పెన్సిలు, ఫ్లాట్‌బెడ్ స్కానర్, నైట్రైల్ గ్లోవ్స్. నూలు గ్లోవ్స్ వద్దు. వాటి పోగులు చిట్లిన మూలల్లో ఇరుక్కుని పొరని లాగేస్తాయి, వేళ్లకి స్పర్శ తెలియదు. గ్లోవ్స్ లేకపోతే చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక అంచులు మాత్రమే పట్టుకోవాలి.

మొదట చూడాల్సింది ముఖం కాదు, కాగితం. పలచటి కాగితం మీద అచ్చు వేసి దళసరి అట్టకి అంటించి ఉండి, తెల్లగా ఉండాల్సిన చోట్ల పసుపు తిరిగి, భూతద్దంలో కాగితపు పీచు, సన్నటి పగుళ్లు కనబడితే అది గుడ్డులోని తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ కాగితం. 1850లో వచ్చి ఆ శతాబ్దం చివరిదాకా రాజ్యమేలింది. అట్ట కొలిస్తే సుమారు 64 × 100 మిల్లీమీటర్లు ఉంటే కార్త్ ద విజీత్, 108 × 165 ఉంటే క్యాబినెట్ కార్డు. రెండూ ఆ కాలపు స్టూడియో అట్టల సైజుల పేర్లే. పీచు కనబడకుండా నున్నగా ఉండి, వెలుగులో వాల్చి చూస్తే నల్లటి భాగాల్లో, అంచుల్లో నీలపు వెండి మెరుపు కొడితే జిలటిన్ కాగితం. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా అవే. ఆ మెరుపు మురికి కాదు, కాగితంలోని వెండి పైకి తేలడం. గుడ్డతో తుడిస్తే బొమ్మే దెబ్బతింటుంది. వెనక ప్లాస్టిక్‌లా జారుడుగా ఉంటే 1960ల చివర, 70ల్లో వచ్చిన రెజిన్ పూత కాగితం.

ఇక వెనక వైపు. కొన్నిటి మీద కాగితం కంపెనీ పేరు లేత బూడిద రంగులో ఏటవాలుగా అచ్చయి ఉంటుంది. వెలాక్స్ అని ఉంటే కొడాక్‌ది, చాలా ఏళ్లు నడిచింది కాబట్టి పెద్దగా పనికిరాదు. ఆగ్ఫా-గేవార్ట్ అని రెండు పేర్లూ కలిసి ఉంటే 1964 తర్వాతిది, ఆ రెండు కంపెనీలు కలిసింది ఆ ఏడే. ‘ఇందు’ అని ఉంటే ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కాగితం. అక్కడ ఉత్పత్తి మొదలైంది 1967లో, అంతకన్నా ముందుకి ఆ ఫోటో వెళ్లే ప్రసక్తి లేదు. పెట్టెలో ఒక పెద్దాయన ఫోటో ఉంది. ఇంట్లో అందరూ అది ఆయన పెళ్లినాటిదని, 1942 అని చెప్పుకుంటూ వచ్చారు. వెనక ‘ఇందు’ ఉంది. ఫోటో అబద్ధం కాదు. పాత ఫోటోని మళ్లీ ఫోటో తీసి వేయించిన కాపీ అది. కాపీని పట్టేయొచ్చు: నీడలు మూసుకుపోయి, నలుపు తెలుపుల మధ్య మెట్లు పోయి, అసలు ఫోటో మీది గీతలు, మడతలు ఈ కాగితం మీద చేతికి తగలకుండా బొమ్మలో మాత్రమే కనిపిస్తాయి.

స్టూడియో స్టాంపులో ఊరి పేరు చదవడం ఒక విద్య. బెజవాడ, కోకనాడ, మసులీపటం, వైజాగపటం అన్నవి తెల్లవాళ్ల కాలపు స్పెల్లింగులు. ‘ఆంధ్ర స్టేట్’ అని ఉంటే పంట పండినట్టే. ఆ రాష్ట్రం ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా మాత్రమే. ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటే నిజాం కాలం వైపు చూడాలి. ‘రంగూన్’ అని ఉంటే ఆ ఇంట్లో ఎవరో బర్మా వెళ్లొచ్చారని, ఆ ఫోటో చాలా మటుకు 1942కి ముందుదని అనుకోవచ్చు. ఆ ఏడాది మార్చిలో జపాను సేన రంగూన్‌లోకి రావడంతో మనవాళ్లు వేలల్లో నడిచి, ఓడలెక్కి తిరిగొచ్చారు. కవరు మీద ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు, ‘నయాపైసలు’ అని ఉంటే 1957–64 మధ్య, అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాత. ఒక్క జాగ్రత్త: రబ్బరు స్టాంపుని అరిగేదాకా వాడతారు, కవర్లని అయిపోయేదాకా వాడతారు. కాబట్టి కొత్త పేరు ఉంటే ‘దీనికి ముందు కాదు’ అని గట్టిగా చెప్పొచ్చు, పాత పేరు ఉంటే ‘దీని తర్వాత కాదు’ అని అంత గట్టిగా చెప్పలేం.

తెలుగు సంవత్సరం రాసి ఉంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఒక పెళ్లి జంట ఫోటో వెనక సిరాతో ‘సర్వజిత్తు మాఘం’ అని ఉంది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి సర్వజిత్తు 1887లో వచ్చింది, 1947లో వచ్చింది, 2007లోనూ వచ్చింది. ఏదన్నది కాగితమే తేలుస్తుంది. ఇది జిలటిన్ కాగితం, వెనక బెజవాడ స్టాంపు, కాబట్టి 1947లో మొదలైన సర్వజిత్తు. సంవత్సరం మారేది ఉగాదికి. మాఘమాసం ఆ సంవత్సరం చివర్లో వస్తుంది కాబట్టి అది 1948 ఫిబ్రవరి, మార్చి అవుతుంది. ఈ ఒక్క ఏడాది తేడా దగ్గర వంశవృక్షాలే తప్పిపోతుంటాయి. తెలంగాణ కుటుంబాల ఫోటోల మీద ఫసలీ సంవత్సరం (నిజాం రాజ్యంలో వాడిన లెక్క) ఉంటే 590 కలపాలి, ఏడాది మధ్యలో మారుతుంది కాబట్టి ఒక్కోసారి 591. ఫసలీ 1346 అంటే 1936-37.

సిరా వెలిసిపోయి ఉంటే అతినీలలోహిత టార్చి చీకటి గదిలో వేసి చూడాలి. పాత గోధుమరంగు సిరా ఆ వెలుగులో నల్లగా తేలుతుంది. స్కాన్ చేశాక అందులోని రంగుల్లో నీలం ఛానల్ ఒక్కదాన్నే తెరిచి చూసినా వెలిసిన గోధుమరంగు అక్షరాలు ముదురుగా కనిపిస్తాయి. అదే టార్చి కాగితం వయసు కూడా చెబుతుంది. తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఫోటో కాగితాల్లోకి వచ్చింది 1950ల్లో. ఆ టార్చి కింద కాగితం ఉతికిన తెల్లచొక్కాలా నీలంగా వెలిగితే అంతకుముందుది కాదు. వెలగకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, ఆ తర్వాత కూడా కలపని కాగితాలు వచ్చాయి. పూలజడ అమ్మాయి వెలగలేదు.

మామూలు టార్చిని ఫోటో పక్కనే దాదాపు బల్లకి ఆనించి, పది పదిహేను డిగ్రీల వాలులో వేస్తే చేతికందని గుర్తులు లేస్తాయి. పెన్సిల్ రాత చెరిపేసినా దాని అదుము మిగులుతుంది. స్టూడియో వాళ్లు అట్టని నొక్కి వేసిన ముద్ర సిరా లేకుండానే ఉంటుంది. పూలజడ అమ్మాయి ఫోటో కింది మూలలో ఆ వెలుగులోనే ఇంగ్లీషు అక్షరాలు లేచాయి. మొదటి సగం అరిగిపోయింది, ‘...వాడ’ మిగిలింది. పెళ్లి జంట స్టాంపుతో పక్కపక్కన పెడితే అక్షరాల తీరు ఒకటే. అంటే ఇదీ బెజవాడే.

ఇక్కడ మన ఇళ్ల పెట్టెలకే చెందిన మాట ఒకటి చెప్పాలి. పేరు తెలియని ఆడపిల్లల ఫోటోల్లో కొన్ని అసలు ఆ ఇంటివి కావు. సంబంధాల కోసం వచ్చి, కుదరక, తిరిగి పంపకుండా ఉండిపోయినవి. గుర్తుపట్టడం కష్టం కాదు: నిలువెత్తు, ఒక్కతే, కొత్త చీర, వెనక పేరుకి బదులు నక్షత్రం, పాదం, గోత్రం. పేరు లేకపోయినా గోత్రం ఉంటే అది పెద్ద ఆధారం, ఎందుకంటే సగోత్రీకులకి సంబంధం పంపరు. ఇంటివాళ్ల గోత్రమే వెనక ఉంటే ఆ అమ్మాయి ఇంటి పిల్ల, బయటికి పంపడానికి తీయించిన కాపీ మిగిలిపోయింది. వేరే గోత్రమైతే వచ్చిన సంబంధం. ఈ పెట్టెలో అలాంటివి ఆరు దొరికాయి. వాటికి పేరు కోసం నేను వెతకలేదు. ఎవరి ఇంట్లోనో ఆ అమ్మాయే నానమ్మ అయి, ఆవిడకి పేరూ దండా ఉండి ఉంటాయి. ‘సంబంధం ఫోటో’ అని రాసి విడిగా పెట్టాను.

ఇంకో రకం, బజారులో కొన్న ఫోటోలు. గాంధీ, బోసులని ఎవరైనా గుర్తుపడతారు. కానీ కాంచనమాల లాంటి తారల ఫోటోలు అదే సైజులో, అదే కాగితం మీద అమ్మేవారు. ఇంటర్నెట్‌లో బొమ్మతో బొమ్మని వెతికితే ఇవి వెంటనే తేలతాయి, ఇంట్లోవాళ్లు తేలరు. అందుకే ఆ వెతుకులాట మొదటే చేసేయడం మంచిది.

స్కానింగ్‌లో అందరూ చేసే పొరపాటు నలుపు తెలుపు ఫోటోని నలుపు తెలుపులో స్కాన్ చేయడం. రంగుల్లోనే చేయాలి, లేకపోతే సిరా, మరక, పసుపు అన్నీ ఒకే బూడిదైపోతాయి. పోస్టుకార్డు సైజు దాటినవాటికి 600 డిపిఐ (అంగుళానికి అన్ని చుక్కలు) చాలు, చిన్నవాటికి 1200. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచాలి, పంచుకోవడానికి జేపెగ్ కాపీ వేరు. గీతలు తీసేసే, పదును పెంచే ఆప్షన్లన్నీ ఆపేయాలి. గీత అనుకుని మిషన్ తీసేసింది చెవి కమ్మ అంచు కావచ్చు. ముందు వైపు ఎలా చేస్తామో వెనక వైపూ అలాగే చేయాలి, ఖాళీగా ఉన్నా సరే.

పూలజడ అమ్మాయిని 1200లో తెరిచి, అద్దం భాగాన్ని పెద్దది చేసి, కుడి ఎడమలు తిప్పాను. అద్దం స్టూడియో ఎదుటి గోడని కూడా చూపిస్తుందని అప్పటిదాకా ఆలోచించలేదు. జడకి పక్కన, అద్దం పైమూలలో ఒక కిటికీ రెక్క, దాని కింద గోడ క్యాలెండరు. తిప్పాక ఇంగ్లీషు నెల పేరులో చివరి మూడక్షరాలు ‘బర్’ తెలుస్తున్నాయి, ముందువి మసక. అంకెలు చదవలేం కానీ గళ్లు లెక్కపెట్టొచ్చు. నెల మొదటి గడిలోనే, అంటే ఆదివారం మొదలైంది, 31 రోజులు ఉన్నాయి. ‘బర్’తో ముగిసి 31 రోజులున్నవి అక్టోబరు, డిసెంబరు. 1930 నుంచి 1950 దాకా చూస్తే, అక్టోబరు 1 ఆదివారం వచ్చింది 1933, 1939, 1944, 1950ల్లో. డిసెంబరు 1 ఆదివారం వచ్చింది 1935, 1940, 1946ల్లో. మొత్తం ఏడు నెలలు, అంతే.

అక్టోబరా డిసెంబరా అన్నదానికి జడ ఒక సూచన ఇచ్చింది. మల్లెమొగ్గల జడ ఎండాకాలానిది, మొగలిరేకుల జడ వానాకాలానిది. ఈ జడలో పువ్వులు గుండ్రంగా, రేకులు చిక్కగా, ఒక్కోటీ బొటనవేలి గోరుకి రెండింతలు. చేమంతులు. చేమంతి నిండుగా దొరికేది చలికాలంలో. అక్టోబరు చివర్లోనూ దొరకొచ్చు కాబట్టి ఇది మొగ్గు మాత్రమే, తీర్పు కాదు. క్యాలెండరు కాగితం ఆ నెల చింపి ఉంటారన్న హామీ కూడా లేదు. అందుకని ఇంకో దారి పట్టాను.

చిన్న ఊళ్ల స్టూడియోలకి రంగులు వేసిన తెర ఒకటో రెండో ఉండేవి. రాజభవనం మెట్లు, పూలకుండీ, దూరంగా చెరువు. తెర ఒకటే అయినంత మాత్రాన తేదీ తెలియదు, కానీ తెరకి వయసు వస్తుంది. చుట్టి పెట్టే చోట మడత గీతలు ముదురుతాయి, రంగు రాలుతుంది. నేలమీది పూల లినోలియం చిరుగుతుంది, ఆ చిరుగు పెరుగుతుంది గానీ తగ్గదు. పెట్టెలో ఇదే స్టూడియోవి ఐదు ఫోటోలు దొరికాయి. వాటిలో తేదీ ఉన్నవి రెండు: 1941 వేసవి అని రాసిన ఒక తల్లీబిడ్డా, 1948 మాఘం పెళ్లి జంట. 1941లో లినోలియం అంచు నిండుగా ఉంది. 1948లో ఎడమ మూల చిరిగి, ఒక పువ్వు సగం పోయింది. పూలజడ అమ్మాయి పాదాల దగ్గర అదే పువ్వు, చిరుగు దాని మధ్యదాకా వచ్చి ఆగింది. అంటే 1941కీ 1948కీ మధ్య. ఏడు నెలల్లో మిగిలినవి రెండే: 1944 అక్టోబరు, 1946 డిసెంబరు. చేమంతులనీ కలుపుకుంటే 1946 డిసెంబరు.

ఇక్కడ తప్పటడుగులు ఎక్కడెక్కడ పడతాయో చెప్పాలి. నెగిటివ్ తిరగేసి ప్రింటు వేయడం మామూలే. పైట ఎడమ భుజం మీద ఉండాల్సింది కుడి మీద ఉన్నా, మగవాళ్ల చొక్కా గుండీలు ఎదురు పక్కకి ఉన్నా, వాచీ కుడిచేతికి కనబడినా ముందు తిప్పి చూడాలి. గ్రూపు ఫోటో కింద ‘ఎడమ నుంచి కుడికి’ అని పేర్ల పట్టీ ఉండి, బొమ్మ తిరగబడి ఉంటే వరసలో అందరి పేర్లూ తారుమారవుతాయి. స్టూడియోవాళ్లు నెగిటివ్ మీద పెన్సిలుతో దిద్దేవారు. మచ్చలు పోతాయి, మొటిమలు పోతాయి, కాబట్టి పుట్టుమచ్చ లేదని మనిషిని కాదనకూడదు. రంగులు వేసిన ఫోటోలో వడ్డాణం, అరవంకీలు కుంచెతో గీసినవి కావచ్చు. భూతద్దంలో నగ అంచు బొమ్మని కట్టిన సన్నటి వెండి గింజల్లో కలవకుండా పైన కూర్చుంటే అది రంగే. కోటు, వాచీ, చేతిలో లావుపాటి పుస్తకం స్టూడియోవే అయి ఉంటాయి, వాటిని బట్టి చదువూ ఉద్యోగమూ అంటగట్టకూడదు. భార్యాభర్తల జంట ఫోటోల్లో కొన్ని ఒకరు పోయాక రెండు వేర్వేరు ఫోటోల నుంచి కత్తిరించి కలిపినవి. ఇద్దరి మీదా వెలుగు చెరో పక్క నుంచి పడుతుంటే అదే. కుర్చీలో కూర్చోబెట్టిన పెద్దమనిషి కళ్లు మూసుకుని, దండ వేసుకుని, చుట్టూ ఇంటిల్లిపాదీ తడిజుట్టుతో నిలబడి ఉంటే అది చివరి ఫోటో. అలాంటిది చేతికొస్తే పెద్దవాళ్లకి హఠాత్తుగా చూపించొద్దు, ముందు చెప్పి చూపించాలి.

ముఖాలు పోల్చే యాప్‌లు వాడాను. అన్నదమ్ముల పిల్లల్ని, మేనరికపు దంపతుల పిల్లల్ని అవి ఒకే మనిషిగా కట్టేశాయి. మన ఇళ్లలో అది సహజం. కంటితో పోల్చాలంటే చెవులే మేలు: తమ్మె అతుక్కుని ఉందా వేలాడుతోందా, పై మడత తీరు ఎలా ఉంది. అదైనా ఒక్కటే ఆధారమైతే ‘కావచ్చు’ దగ్గరే ఆగాలి.

పెద్దవాళ్లని అడగడం చివర్లో పెట్టుకున్నాను, మన చేతిలో తేదీ, ఊరు ఉంటే ప్రశ్న సూటిగా పడుతుంది. అసలు ఫోటో కాకుండా ఎ4 సైజు ప్రింటు వేయించి చూపించాలి, కళ్లు ఆనవు కాబట్టి. ఒక్కొక్కరినే కూర్చోబెట్టాలి. పదిమంది కూర్చుంటే మొదట మాట్లాడినవాళ్ల మాటే అందరి జ్ఞాపకం అయిపోతుంది. ‘ఇది ఫలానా అత్తయ్యే కదా’ అని మాత్రం అడగకూడదు, మర్యాదకి ‘అవును నాయనా’ అనేస్తారు. ‘ఇందులో ఏం కనబడుతోంది’ అని అడిగి ఊరుకోవాలి. ముఖం గుర్తు రాకపోతే నగలు, వసారా, నుయ్యి, పక్కనున్న కుర్చీ అడగాలి. తేదీలు అడిగితే చెప్పలేరు. పుష్కరాలకి ముందా తర్వాతా, రజాకార్ల రోజుల్లోనా, దివిసీమ ఉప్పెన నాటికి ఈ ఇల్లుందా అంటే తడుముకోకుండా చెబుతారు.

వరసలు తెలుగువాళ్లకి వరమూ చిక్కూ. వెనక ‘పెద్దక్కయ్య’ అని ఉంటే ఎవరికి పెద్దక్కయ్య అన్నది ముందు తేలాలి. అంటే ఆ దస్తూరీ ఎవరిదో తేలాలి. పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకం పక్కన పెట్టుకుని ‘క్క’ వత్తు, ‘య’ తోక పోల్చి చూస్తే రాసిన చెయ్యి దొరుకుతుంది. ‘చిట్టి’, ‘బుల్లెమ్మ’ లాంటి ముద్దుపేర్లు ప్రతి తరంలో ఒకటి ఉంటాయి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే పేరుతో ముగ్గురుంటారు. అందుకే నా పట్టికలో ఆడవాళ్లకి పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ, ప్రతి ఒక్కరికీ తండ్రి పేరు తప్పనిసరి గడి.

పూలజడ అమ్మాయిని ఎనభైతొమ్మిదేళ్ల పెద్దత్తయ్యకి చూపించాను. చాలాసేపు చూసి, “ఈ పిల్లెవరో తెలీదు నాయనా. ఈ కాసులపేరు మాత్రం మా అత్తగారిది. మధ్య పతకంలో ఒక రాయి ఉండదు చూడు” అంది. స్కాన్ మళ్లీ తెరిచాను. మెడ దగ్గర పతకంలో తొమ్మిది రాళ్ల చోట్లున్నాయి. ఎనిమిదింటిలో చిన్న తెల్లటి మెరుపు ఉంది, ఎడమ పక్క కిందిది నల్లటి గుంట. డెబ్బై ఏళ్ల పైబడిన జ్ఞాపకానికీ వెండి గింజలకీ మధ్య అంత సరిగ్గా కుదిరిన మాట ఈ నాలుగు నెలల్లో ఇంకోటి లేదు.

కానీ నగ ఇంటిదైతే పిల్ల ఇంటిదని కాదు. ఎరువు సొమ్ము మాట ఉండనే ఉంది. పూలజడకి, పేరంటానికి ఇరుగుపొరుగు నగలు ఎరువు తెచ్చుకోవడం అప్పట్లో మామూలు. పెద్దత్తయ్య ఆడపడుచు ఆ ఫోటో చూసి, చిన్నప్పుడే జ్వరంతో పోయిన మేనకోడలని అంది. ఇంకో ఊళ్లో ఉన్న మావయ్య, పక్కింటి పోస్టుమాస్టరు గారి రెండో అమ్మాయి అన్నాడు. ఇద్దరికీ విడివిడిగా చూపించాను, ఇద్దరూ తడబడకుండా చెప్పారు. కట్ట నంబరు మూడులో అటూ ఇటూ ఉన్న ఫోటోలు ఇంటివాళ్లవే, కాబట్టి తూకం మేనకోడలి వైపు కొద్దిగా వంగుతుంది. అది చాలదు. ఊళ్లో ఆ స్టూడియో ఎప్పుడో మూతబడింది. నెగిటివ్ నంబర్ల రిజిస్టరు దొరికితే తేలేది. నిజాం కొలువులో పేరుమోసిన ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగిటివ్‌లు 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి నిలిచాయి. చిన్న ఊళ్ల స్టూడియోల గాజు పలకల్లో ఎన్నో బొమ్మ ఉన్న పూత గీకించుకుని ఫ్రేముల అద్దాలైపోయాయి. ఆ గాజుతో పాటు ఎన్ని వేల పేర్లు పోయాయో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రాయడం గురించి. పాత కాగితం మీద 2బి పెన్సిలుతో, గట్టి బల్ల మీద బోర్లా పెట్టి, అంచున, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ గీత ముందు వైపుకి ఉబుకుతుంది, సిరా తేమకి పాకుతుంది. రెజిన్ పూత కాగితం మీద పెన్సిలు పడదు, ఫోటోల కోసం అమ్మే మార్కర్ వాడి పూర్తిగా ఆరనివ్వాలి. తెలిసిన పేరు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, మూడూ ఉండాలి. అనుమానం ఉంటే ప్రశ్నార్థకం కాదు, ‘అని ఫలానావారు చెప్పారు’ అని రాయాలి. ప్రశ్నార్థకం చెరిగిపోతుంది, పేరు మిగిలిపోతుంది. తర్వాతివాళ్లకి అదే నిజమైపోతుంది.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు. ఘాటు ప్లాస్టిక్ వాసన వచ్చేవి చాలా మటుకు అవే, కాలం గడిస్తే ఫోటోకి అతుక్కుంటాయి. పాలిస్టర్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ వాడాలి. తేమ 30–50 శాతం మధ్య ఉంటే మేలు. కోస్తా ఊళ్లలో అది సాధ్యం కాదు కాబట్టి కనీసం బయటి గోడకి ఆనని బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలని నెలకోసారి చూసి, తేమ పట్టినవాటిని మార్చాలి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగొద్దు, అద్దంతో సహా స్కాన్ చేసి అలాగే ఉంచాలి. నెగిటివ్‌లలో వెనిగర్ వాసన కొట్టేవాటిని వెంటనే విడదీయాలి, ఆ ఆవిరి పక్కవాటిని కూడా తినేస్తుంది. ఈ పెట్టెలో అలాంటివి మూడున్నాయి. అంచున ‘సేఫ్టీ’ అని ఉన్నా కూడా. ఆ మాటకి అర్థం తేలిగ్గా అంటుకోని ఫిల్మని మాత్రమే, పాడవదని కాదు.

చివరికి లెక్క: ముందే పేరున్నవి 38, కచ్చితంగా తేలినవి 97, ‘కావచ్చు’ దగ్గర ఆగినవి 20, ఏమీ తేలనివి 31. పూలజడ అమ్మాయిని ఇరవైలో పెట్టాను. కవరు మీద ఇలా ఉంది:

1-3-07. పూలజడ, అద్దం. బెజవాడ స్టూడియో. 1941–48 మధ్య, 1946 డిసెంబరు కావచ్చు (క్యాలెండరు, లినోలియం, చేమంతులు). కాసులపేరు ఈ ఇంటిదని, ఒక రాయి లేదని పెద్దత్తయ్య చెప్పింది, స్కాన్‌లో సరిపోయింది. మేనకోడలని ఆడపడుచు చెప్పింది. పోస్టుమాస్టరు గారి రెండో అమ్మాయని మావయ్య చెప్పాడు. పేరు రాయడానికి కింద చోటు వదిలాను.